హైదరాబాద్‌లో ఆదివారం: ఆబిడ్స్ పాత పుస్తకాలు, పద్యనాటకం, చేర్యాల బొమ్మ. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మియాపూర్_ఇద్దరం)

మియాపూర్ వైపు ఉంటాం. నెలలో రెండు ఆదివారాలు పూర్తిగా ఖాళీ. ఖర్చు నెలకు 2,000 రూపాయలు దాటకూడదు. మాల్, సినిమా కాకుండా ఈ ఊరి సొంతమైనది ఏదైనా పట్టుకోవాలని ఉంది. మూడు ఆలోచనలు ఉన్నాయి, మూడింటిలోనూ అనుమానాలే.

ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో తెలుగువి దొరుకుతాయా? ఏ వేళకు వెళ్లాలి, కొనేముందు ఏం చూడాలి? తెచ్చాక అందులోని పురుగు మిగతా అరలకు పాకకుండా ఏం చేయాలి?

పద్యనాటకం, సురభి వాళ్ల నాటకాలు చూడాలని ఉంది. పద్యం కాగితం మీద చదివితే అర్థమవుతుంది గానీ వేదిక మీద రాగం తీస్తుంటే మాట అందదు. దీనికేమైనా సాధన ఉందా?

చేర్యాల బొమ్మ, అంటే బట్ట మీద రంగులతో వేసే పటం, ఇంట్లో వేయాలని చూస్తుంటే బట్ట తయారీ దగ్గరే ఆగిపోతోంది. సుద్ద పూత ఆరాక చుట్టబోతే పగుళ్లు వస్తున్నాయి. సరైన కొలతలు తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు 1 (కాలికో_బైండు)

పుస్తకాల వరకు నేను చెప్తానండీ.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. అందుకే వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద, మెట్ల మీద పుస్తకాలు పరుస్తారు. మియాపూర్ నుంచి మీకు మెట్రో రెడ్ లైన్ నేరుగా ఉంది. నాంపల్లిలో దిగి జనరల్ పోస్టాఫీసు వైపు నడవండి. పొద్దున పదింటికల్లా అక్కడుంటే మూటలు విప్పుతూ ఉంటారు, గుట్ట అడుగున ఏముందో అప్పుడే కనబడుతుంది. ముందు రోజు రాత్రి గట్టి వాన పడితే మాత్రం ఆ వారం మానేయండి. పై పుస్తకం పొడిగా ఉన్నా అడుగువి చెమ్మ పీల్చుకుని ఉంటాయి.

తెలుగు పుస్తకాలకు విడిగా ఒక చోటు అంటూ లేదు. ఇంగ్లీషు నవలలు, పోటీ పరీక్షల గైడ్ల మధ్య చెదురుగా ఉంటాయి. “తెలుగువి వేరే కట్ట ఏమైనా ఉందా?” అని ప్రతి చోటా నోరు తెరిచి అడగాలి. పరచడానికి చోటు చాలక కట్టి పెట్టిన మూట ఒకటి చాలామంది దగ్గర వెనక ఉంటుంది. చేతిలో పది, ఇరవై, యాభై నోట్లు ఉంచుకోండి. ఒక పుస్తకం మీద బేరం తెగకపోతే నాలుగు కలిపి ఒక మాట అడగండి, తెగుతుంది.

చేతిలోకి తీసుకోగానే చూడాల్సింది అట్ట కాదు, వెల, చిరునామా. ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ చిరిగిపోయినా ఇవి కాలం చెప్తాయి. వెల “1-8-0” అని మూడు అంకెల్లో ఉంటే రూపాయి ఎనిమిదణాలని అర్థం, అంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందు నిర్ణయించిన వెల. “న.పై.” అని ఉంటే నయాపైసల కాలం, 1957 నుంచి 1964 దాకా. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతి ప్రతి. “మద్రాసు-17” లాగా ఊరి పక్కన చిన్న అంకె మాత్రమే ఉంటే చాలావరకు అంతకు ముందుది. చెన్నపురి అన్న మాట చూసి కొత్త ప్రతి అనుకోకండి, పాత వావిళ్లవారి పుస్తకాల మీద కూడా అదే ఉంటుంది. కొన్నిటిలో తెలుగు సంవత్సరం పేరే ఇస్తారు. అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి “విరోధి” అంటే 1949-50 కావచ్చు, 2009-10 కావచ్చు. వెల చూస్తే ఏదో తేలిపోతుంది.

తర్వాత ఫారాలు లెక్కపెట్టాలి. ఇది చాలామంది చేయరు, ఇంటికెళ్లాక బాధపడతారు. పాత పుస్తకాల్లో పదహారు పేజీలు ఒక ఫారం. 17, 33, 49, 65 పేజీల అడుగున, ఎడమ మూలన చిన్న అంకె గానీ పుస్తకం పేరులోని మొదటి అక్షరాలు గానీ ఉంటాయి. ఆ పేజీలు మాత్రమే తిప్పుతూ పోతే మూడొందల పేజీల పుస్తకాన్ని నిమిషంలో సరిచూడొచ్చు. ఎనిమిది పేజీల ఫారమైతే 9, 17, 25 అని చూసుకోండి. ఊడిపోయేది ఎక్కువగా మొదటి ఫారం, చివరి ఫారం. బైండు చేయించిన ప్రతుల్లో ఒక ఫారం రెండుసార్లు పడి, పక్కది అసలు లేకపోవడమూ ఉంది. పాత చందమామలు కొనేటప్పుడు అట్ట మీది నెల, లోపలి పేజీల నెల ఒకటేనా చూడండి. అట్టలు మార్చి కుట్టినవి ఉంటాయి.

కాగితం ఎంత బతికుందో తెలియాలంటే, అచ్చు లేని మూలను గోటి వెడల్పున ఒకసారి మడిచి తిరిగి తెరవండి. అక్కడే విరిగి చేతికొస్తే అది ఆమ్లం తిన్న కాగితం, న్యూస్‌ప్రింట్ మీద వేసిన చవక ముద్రణల్లో మామూలే. అలాంటిది చదువుకోవడానికి పనికొస్తుంది, బైండుకు పనికిరాదు, సూది గుచ్చిన వరుసలోనే చిరిగిపోతుంది. పేజీల మధ్య సన్నటి సొరంగాల్లాంటి రంధ్రాలు, పొడి కనిపిస్తే పుస్తకాన్ని తెల్ల కాగితం మీద తట్టండి. గోధుమరంగు పాత పొడి పడితే పురుగు పోయినట్టే, లేత రంగు తాజా పొడి పడితే లోపల ఇంకా ఉన్నట్టు. మట్టి గీతలుంటే చెదలు. ఎంత మంచి పుస్తకమైనా అక్కడే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక నేరుగా అరలో పెట్టకూడదు. మెత్తటి పొడి బ్రష్‌తో వెన్ను నుంచి అంచు వైపు దులిపి, గట్టి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, నోరు టేపుతో మూసి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. పురుగు, గుడ్లు రెండూ చస్తాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా అలాగే వదలాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద మన గాలిలోని తేమ నీళ్లై కూర్చుంటుంది, పురుగు పోయి బూజు వస్తుంది. నాఫ్తలీన్ ఉండల మీద ఆధారపడకండి. గుడ్లను అవి చంపలేవు, ఆ ఘాటు మనుషులకూ మంచిది కాదు. వేపాకు వేయాలనుకుంటే గలగలలాడేంత ఎండినదే వేయండి, పచ్చిది చెమ్మ తెస్తుంది.

చిరుగులకు సెలోటేప్ వద్దే వద్దు. కొన్నేళ్లకు జిగురు కాగితంలోకి దిగి పసుప్పచ్చగా మరక పడుతుంది, టేపు ఊడిపోతుంది, మరక ఉండిపోతుంది. ఫెవికాల్ ఆరాక బిరుసెక్కి, పక్కన కొత్తగా విరుగుతుంది, మళ్లీ విప్పలేం. గోధుమ గంజి చేసుకోండి. హల్వాకు గోధుమ పాలు తీసినట్టే: మైదా ముద్ద చేసి అరగంట నాననిచ్చి, నీళ్లలో పిసికి, ఆ తెల్లనీళ్లను రాత్రంతా కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీళ్లు ఒంపేస్తే అడుగున మిగిలేదే మనకు కావలసిన పిండి. ఒక చెంచా పిండికి అయిదు చెంచాల నీళ్లు పోసి, సన్న సెగ మీద పావుగంట పైగా కలుపుతూనే ఉంటే తెలుపు పోయి గాజులా మెరుస్తుంది. చల్లారాక వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మైదానే నేరుగా ఉడికించి వాడొద్దు, అందులోని జిగట పదార్థం పురుగును పిలుస్తుంది.

అతికించే కాగితం ఉల్లిపొరంత పలచగా ఉండాలి. కత్తెరతో కోయకుండా, తడి బ్రష్‌తో గీత గీసి ఆ గీత వెంట చేత్తో చింపండి. అంచున పీచు లేస్తుంది, అదే పాత కాగితంలో కలిసిపోయి గట్టిగా పట్టుకుంటుంది. సెంటీమీటరు వెడల్పు పట్టీ చాలు. కింద, పైన బటర్ పేపర్ పెట్టి, బరువు వేసి తెల్లారేదాకా వదిలేయండి.

జవాబు 2 (యతిస్థానం)

నాటకం గురించి.

రాగం తీస్తుంటే మాట అందకపోవడానికి కారణం చెవి కాదండీ, పద్యం ఎక్కడ విరుగుతుందో ముందు తెలియకపోవడం. ఇది పది రోజుల్లో పోయే ఇబ్బంది.

వృత్తాలు నాలుగే ఎక్కువగా వినబడతాయి. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదోది యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన అక్షరం. చంపకమాల 21, యతి పదకొండోది. శార్దూలం 19, యతి 13. మత్తేభం 20, యతి 14. అన్నింటికీ ప్రాస ఉంది, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు. ఈ అంకెలు బట్టీపట్టాల్సిన పని లేదు. పుస్తకంలో పద్యం దగ్గర యతి అక్షరం కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత సంధులు విడదీసి, మాట ఆగే ప్రతిచోటా నిలువు గీత పెట్టండి. రెండూ ఒకచోట పడవని అప్పుడు కనబడుతుంది. పాదం చివర మాట సగంలో తెగి కింది పాదంలోకి దూకుతుంది. మంచి నటుడు పాదం చివర ఆగడు, మాట చివర ఆగుతాడు, ఆ మాట మీదే రాగం పెంచుతాడు. పాదం ముగిసింది కదా అని అర్థం కోసం ఎదురుచూసేవాళ్లకు అక్కడే జారిపోతుంది.

కాబట్టి వెళ్లబోయే నాటకం తెలిస్తే దాని పాఠం ముందు చదవండి. రాయబారం సీనైతే తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు చాలు. అన్నీ అక్కర్లేదు, పది పద్యాలు పట్టుకోండి. ఒక్కో పద్యాన్ని మొదట వచనంలా, మాట మాట విడదీసి పైకి చదవండి. తర్వాత ఛందస్సు నడకతో చదవండి. అప్పుడు అదే పద్యాన్ని ఇద్దరు వేర్వేరు నటులు పాడిన రికార్డింగులు వినండి. ఎవరు ఏ మాట మీద నిలబడ్డారో గుర్తు పెట్టుకోండి. ఈ క్రమం తారుమారు చేసి పాట ముందు వింటే బాణీ తలకెక్కుతుంది, మాట ఎక్కదు.

కొత్తవాళ్లకు సీసపద్యం తేలిక. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కోటీ రెండు భాగాలుగా విరుగుతుంది, వరుసగా ఒకే తూగులో వస్తుంది. ఆఖర తేటగీతి గానీ ఆటవెలది గానీ వచ్చేసరికి నడక మారుతుంది. ఆ మార్పు చెవికి తెలిసిందంటే మీరు దారిలో పడ్డట్టే.

కూర్చునే చోటు కూడా ముఖ్యం. పద్యనాటకానికి ముందు నుంచి మూడో నాలుగో వరస, స్పీకర్ పెట్టెకు ఎదురుగా కాకుండా మధ్యకు. పెదవులు కనబడితే సగం మాటలు అందుతాయి. హార్మోనియం ఎటు పక్క ఉందో చూసి రెండో పక్కకు జరిగితే శ్రుతి గొంతును మింగదు.

సురభికి ఇది పూర్తిగా తిరగబడుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. వాళ్ల నాటకంలో చూడాల్సింది తెరలు, తంత్రాలు. ముందు వరసల్లో కూర్చుంటే తీగలు కనబడతాయి, పొగ మొహం మీదికొస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండో వరస మధ్యలో కూర్చోండి, రాసిన తెరల్లోని లోతు అక్కడి నుంచే కుదురుతుంది. మాయాబజార్ చూస్తే ఘటోత్కచుడి భోజనం సీనులో అందరూ లడ్డూల వైపే చూస్తారు. మీరు ఒకసారి నటుడి మెడ వైపు చూడండి. తీగ లాగేవాడి చెయ్యి, నటుడి నోరు, తబలా దెబ్బ మూడూ ఒకే క్షణంలో పడాలి. ఒకటి అరక్షణం వెనకబడినా లడ్డూ గాల్లో ఊగుతుంది, సభంతటికీ తెలిసిపోతుంది. బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనే చోటా అంతే, రెండు వింగుల్లో ఉన్నవాళ్లకు ఒకరికొకరు కనబడరు, తాళం మీద నమ్మకంతోనే వదులుతారు.

వేదికల సంగతి క్లుప్తంగా: రవీంద్రభారతికి మీరు లక్డీకాపూల్‌లో గానీ అసెంబ్లీ స్టేషన్‌లో గానీ దిగొచ్చు. త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో ఉంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో నాటికలు, పుస్తక సభలు జరుగుతాయి. కొత్త తరహా చిన్న నాటకాలకు బంజారాహిల్స్‌లో లామకాన్, గచ్చిబౌలి వైపు రంగభూమి ఉన్నాయి. రవీంద్రభారతి, గానసభ కార్యక్రమాల్లో చాలావాటికి టికెట్ ఉండదు. దినపత్రిక హైదరాబాద్ పేజీల్లో ఆ రోజు కార్యక్రమాల పట్టిక చూడండి. ఆహ్వానంలో ఆరు గంటలకు అని ఉంటే అది సభ మొదలయ్యే వేళ. ప్రసంగాలు, సన్మానాలు అయ్యాకే తెర లేస్తుంది. నిర్వాహకుల నంబరు ఉంటే “నాటకం ఎన్నింటికండీ?” అని విడిగా అడగండి. మియాపూర్ తిరిగి వెళ్లాలి కాబట్టి ఆఖరి మెట్రో వేళ కూడా ముందే చూసుకోండి.

జవాబు 3 (నకాశి_గీత)

చేర్యాల బొమ్మ గురించి నేను చెప్త.

పగుళ్లకు కారణం నాలుగిట్ల ఏదో ఒకటి ఉంటది. సుద్ద ఎక్కువ కావొచ్చు, మూడు పూతలు ఏసే కాడ ఒక్కటే మందం పూత ఏసి ఉండొచ్చు, ఎండల ఆరబెట్టి ఉండొచ్చు, లేకుంటే బట్టకున్న మిల్లు గంజి తీయకుండ మీదికెళ్లి పూసి ఉండొచ్చు. ఎక్కువమంది చేసే తప్పు ఈ చివరిదే. మిల్లు గంజి ఉంటే మన పూత నూలులకు దిగది, మీద పొరలెక్క కూసుంటది. చుట్టంగనే లేస్తది.

ముతక ఖద్దరు తీసుకోవాలె. బొమ్మ 45 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు అనుకుంటే నాలుగు దిక్కుల అయిదేసి సెంటీమీటర్లు ఎక్కువ కోసుకోవాలె. ఒక చెంచా బట్టల సోడా ఏసి ఇరవై నిమిషాలు ఉడికించి, జాడించి, చెక్క ఫ్రేముకు మొలలతోని గుంజి బిగియ్యాలె. మధ్యల నుంచి మూలలకు పోవాలె, మూలలు ముందు కొడితే నడుమ వదులైతది.

ఇగ గుజ్జు. చింతగింజలు 100 గ్రాములు ఏయించి, రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగ నూరి, లీటరు నీళ్లల్ల సన్నమంట మీద గంట దాకా ఉడకబెట్టాలె. అంబలి లెక్క చిక్కగయితది. బట్టల వడకట్టాలె, పలుకు ఒక్కటి మిగిలినా బొమ్మల ముఖం మీదనే వస్తది. తుమ్మ జిగురు 10 గ్రాములు సగం చిన్న గ్లాసు నీళ్లల్ల రాత్రి నానబెట్టాలె. సుద్ద 100 గ్రాములు నీళ్లల్ల కలిపి, పలుచని బట్టల జల్లించి, తేటనీళ్లు ఒంపెయ్యాలె.

కలిపే లెక్క: గుజ్జు ఒక కప్పు, పలుచని బియ్యం గంజి అర కప్పు, జల్లించిన సుద్ద, జిగురు నీళ్లు రెండు పెద్ద చెంచాలు. మొదటి పూతకు ఇండ్ల సుద్ద సగమే ఎయ్యాలె, మజ్జిగ లెక్క ఉండాలె, ఎందుకంటే అది బట్ట లోపటికి పోవాలె. రెండో పూత, మూడో పూత పూర్తి సుద్దతోని, దోశ పిండి కంటే పలుచగ. మొదటిది అడ్డం పూస్తే రెండోది నిలువు. ఒక్కో పూత నీడల నాలుగైదు గంటలు ఆరాలె. మూడోది ఆరినంక నున్నటి రాయితోని గుండ్రంగ రుద్దాలె. చెయ్యి పెడితే గుడ్డు పెంకు లెక్క తగలాలె.

బొమ్మ గీసే ముందు పరీక్ష చెయ్యుర్రి. పక్కకు మిగిలిన పట్టీని పెన్సిల్‌కు చుట్టాలె. వెంట్రుక మందం గీతలు పడితే ఫరవాలేదు, పెచ్చులు లేస్తే సుద్ద తగ్గించి గుజ్జు పెంచాలె. ఇంకో మూలకు రంగు చుక్క పెట్టాలె. చుక్క అంచులు పాకితే జిగురు తక్కువ, ముత్యం లెక్క పైన నిలబడితే జిగురు ఎక్కువ. కలిపిన పూత రెండు రోజులల్ల పులుస్తది, వాసనొస్తే పారబొయ్యాలె.

రంగులకు వచ్చేసరికి ఒక జాగ్రత్త. పాతకాలం ఎరుపు ఇంగిలీకం నుంచి వచ్చేది. అండ్ల పాదరసం ఉంటది, ఇంట్ల నూరొద్దు. పోస్టర్ రంగుల వెర్మిలియన్‌ల కొద్దిగ క్రిమ్సన్ కలిపి, రెండు చుక్కల జిగురు నీళ్లు ఏస్తే దగ్గరికొస్తది. యాక్రిలిక్ వాడొద్దు అంట నేను. ప్లాస్టిక్ పొర లెక్క పడి, సుద్ద పూతతోని కలిసి వంగది.

ఏసే వరుస మారొద్దు. ముందు పలుచని గీతతోని ఆకారాలు. తర్వాత వెనుక భాగమంత ఎరుపు. అందరు ముందు మనుషులకు రంగు ఏసి, తర్వాత సందులల్ల ఎరుపు నింపుతరు, అట్ల చేస్తే అంచులు చెడిపోతయి. ఎరుపు అయినంక ఒంటి రంగులు: దేవుండ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ. అటెనుక బట్టలు, నగలు, తెల్ల చుక్కలు. ఆఖరికి నల్ల గీత. నల్ల గీతకు సున్నా నంబరు కుంచె, మోచెయ్యి ఆనించకుండ భుజం నుంచి గియ్యాలె. మణికట్టుతోని గీస్తే గీత వణుకుతది.

ఇది గోడకు పెట్టే బొమ్మగ పుట్టలేదు, కథ చెప్పే పటం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, గౌండ్లకు గౌడజెట్టివారు గౌడ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెప్పేటప్పుడు విప్పుకుంట పోయే పటం. అందుకే అడ్డం పట్టీలు పట్టీలుగ ఉంటది, మధ్యల పూల అంచు ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి విడదీస్తది. మీరు కూడ ఒక్క బొమ్మ కాకుండ మూడు పట్టీల చిన్న కథ పెట్టుకోండ్రి, ఎవరు ఎంత పెద్దగ ఉండాలెనో అప్పుడు అర్థమైతది.

మియాపూర్_ఇద్దరం

అందరికీ ధన్యవాదాలండీ, ఇంత వివరంగా దొరుకుతుందనుకోలేదు. రెండు సందేహాలు. పుస్తకం తడిస్తే ఇంట్లో ఏం చేయాలి? చేర్యాల బట్టలో గంజి, చింతగింజల గుజ్జు ఉన్నాయి కదా, దానికీ పురుగు పట్టదా?

కాలికో_బైండు

తడిసిన పుస్తకానికి రెండు రోజుల గడువే ఉంటుంది, ఆ తర్వాత బూజు. ఎండలో పెట్టకండి, పేజీలు అలలు తేలతాయి, అట్ట విల్లులా వంగుతుంది. ఇస్త్రీపెట్టె అసలొద్దు. నీళ్లు ఓడ్చి, అట్టలు కాస్త తెరిచి నిలబెట్టి, ఫ్యాన్ గాలి పక్కనుంచి తగిలేలా పెట్టండి. ఇరవై ముప్పై పేజీలకు ఒకటి చొప్పున అచ్చు లేని తెల్ల కాగితం దూర్చి, తడిసినప్పుడల్లా మార్చండి. దినపత్రిక కాగితం పెడితే సిరా అంటుకుంటుంది. ప్రతి పది పేజీలకూ పెడితే వెన్ను ఉబ్బి కుట్టు తెగుతుంది. కొద్దిగా చెమ్మ మిగిలి ఉండగానే మూసి, పైన బరువు పెడితే తిన్నగా ఆరుతుంది. ఆర్ట్ పేపర్, అంటే నిగనిగలాడే బొమ్మల పేజీలు తడిస్తే మాత్రం ఆగకూడదు. అవి ఒకదానికొకటి అతుక్కుని రాయిలా అవుతాయి. ప్రతి పేజీ మధ్యా బటర్ పేపర్ పెట్టాల్సిందే. అప్పుడు టైం లేకపోతే సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో వేయండి, తీరిక దొరికాక కొంచెం కొంచెంగా ఆరబెట్టుకోవచ్చు.

పాత_చందాదారు

కాలికో గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఎక్కువ ధర చెప్పే పాత పుస్తకం కనిపిస్తే డబ్బివ్వకముందు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పేరు వెతకండి. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు అక్కడ చాలా ఉన్నాయి. చదవడమే మీ ఉద్దేశమైతే అది చాలు, 2,000లో చాలా మిగులుతుంది. వస్తువుగా కావాలనుకుంటేనే కొనండి. స్కాన్‌లో పేజీ మొత్తం ఎంతో చూసుకుంటే ఫుట్‌పాత్ మీది ప్రతి పూర్తిదో కాదో కూడా తేలుతుంది.

ఆబిడ్స్ నుంచి సుల్తాన్‌బజార్ దగ్గరే. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. రెండూ తెరిచి ఉండే వేళలు, సెలవులు ముందు కనుక్కుని వెళ్లండి. పాత పత్రికలు అడిగేటప్పుడు “పాత భారతి ఉందా” అంటే పని జరగదు, సంవత్సరం, నెల, వీలైతే వ్యాసం పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి. చేతులు పొడిగా ఉండాలి, పెన్ను బదులు పెన్సిల్ తీసుకెళ్లండి.

నకాశి_గీత

పురుగు పట్టొచ్చు, గంజి ఉన్నకాడ బొద్దింక, వెండి పురుగు వస్తయి. పటాన్ని మడత పెట్టొద్దు, చుట్టాలె, అది కూడ బొమ్మ బయటి దిక్కుకు ఉండేటట్టు. లోపటికి చుడితే రంగు పొర నలిగి పెచ్చులు లేస్తది, బయటికి చుడితే సన్నగ సాగుతది గంతే. చుట్టే గొట్టం లావుగ, పది సెంటీమీటర్లకు తక్కువ కాకుండ ఉండాలె. మీద ఉతికిన పాత నూలు బట్ట చుట్టాలె, పాలిథిన్ చుడితే చెమ్మ లోపల్నే ఉంటది. వానాకాలం అయిపోంగనే ఒకసారి విప్పి, నీడల ఒక పూట ఆరేసి మళ్ల చుట్టాలె.

అద్దం ఫ్రేము కట్టిస్తే అద్దం బొమ్మకు తగలకుండ నడుమ అట్ట పట్టీ పెట్టమని చెప్పుర్రి. తగిలిన కాడ రంగు అద్దానికే అంటుకొని వస్తది. వెనుక ప్లైవుడ్ కొట్టేటప్పుడు జిగురుతోని అతికియ్యనియ్యొద్దు, పై అంచుకు మాత్రం కుట్టి ఏలాడదీస్తే సరిపోతది.